మామగారి టెంకాయ, కోడలి మిషను

ప్రశ్న:

మాది ధర్మవరం దగ్గర ఒక పల్లె. నేను బీఎస్సీ, బీఈడీ చేసి ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. మాకు ఆరెకరాల చేను ఉంది. ఇప్పటికి మూడు బోర్లు వేయించాం. ఒకటి వేసిన రోజే దుమ్ము లేచింది. ఒకటి రెండేళ్ళు పోసి ఎండిపోయింది. మూడోది గంట పోస్తే రెండు గంటలు ఆగుతుంది. నాలుగో బోరు కోసం మా మామగారు టెంకాయతో నీళ్ళు చూసే ఆయనను పిలిపించారు. అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ నడుస్తుండగా ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు. తూర్పు గట్టు దగ్గర టెంకాయ నిలబడింది. నేనూ మావారూ కలిసి మిషనుతో సర్వే చేసే జియాలజిస్టును పిలిపించాం. ఆయన పడమటి వాలులో పాయింట్ పెట్టారు. రెండింటికీ మధ్య నూటయాభై గజాల దూరం.

ఇంట్లో మాట పెరిగింది. "మామయ్యా, టెంకాయ మూఢనమ్మకం" అన్నాను. ఆయన కోప్పడలేదు. నిదానంగా అడిగారు: "ఆ మిషను లోపల ఏముందో నువ్వు విప్పి చూశావా తల్లీ? ఆయన చెప్పాడు, నువ్వు నమ్మావు. ఈయన చెప్పాడు, నేను నమ్మాను. భూమి లోపలికి నువ్వూ పోలేదు, నేనూ పోలేదు. నీకు సైన్సు దేవుడు, నాకు గంగమ్మ దేవత. పేర్లే వేరు." నాకు బదులు దొరకలేదు. ఆరో తరగతి చదివే మా అబ్బాయి ఆ రాత్రి "తాత చెప్పింది నిజమేనా అమ్మా?" అని అడిగాడు. వాడికీ ఏమీ చెప్పలేకపోయాను. సైన్సును నమ్మడమూ దేవుణ్ణి నమ్మడమూ ఒకటేనా? మామగారికి ఏమని చెప్పాలి? బోరు ఎక్కడ వేయాలి?

– ఒక కోడలు, ఉమ్మడి అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు మా ఇంటి సంగతి చెప్పుకోవాలి. లేకపోతే ఒడ్డున కూర్చుని కబుర్లు చెబుతున్నానని మీకు అనిపిస్తుంది. మా చేలో రెండు ఎండు బోర్లు ఉన్నాయి. మొదటిది టెంకాయ చూపిన చోట వేసింది. రెండోది మిషను చూపిన చోట వేసింది. నీళ్ళు పడకపోయేసరికి టెంకాయ పట్టినాయన "ఆ రోజు చేలోకి ఎవరో మైలతో వచ్చారు" అన్నాడు. మిషను తెచ్చినాయన "నేను గుర్తు పెట్టిన చోటికి రెండడుగులు పక్కన వేశారు" అన్నాడు. బోరు బండి వాళ్ళకు డబ్బులు లెక్కపెట్టి ఇస్తూ ఉంటే ఆ పూట ఇద్దరి ముఖాలూ నాకు ఒకేలా కనిపించాయి. కాబట్టి మీ మామగారు అన్నది గాలిమాట అని నేను అనలేను.

ఆయన మాటలో సగం నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. సైన్సు పాఠం చెప్పే మీరు గానీ, చదువుకున్నానని చెప్పుకునే నేను గానీ, మనకు తెలుసనుకునే వాటిలో చాలా భాగం ఎవరో చెప్పగా నమ్మినవే. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని మీరు సొంతంగా లెక్కగట్టి తేల్చుకోలేదు. రోజూ మింగే బీపీ మాత్రను నేను ఏ పరీక్షకూ పంపలేదు. డాక్టరు రాశారు, దుకాణంలో ఇచ్చారు, వేసుకున్నాను. ఇదంతా మనుషుల మీద నమ్మకమే. కాదని దబాయిస్తే మామగారు నవ్వుతారు, నవ్వాలి కూడా.

అయితే నమ్మకం అన్న మాట మహా గడుసుది. అప్పు ఇచ్చేటప్పుడూ అదే మాట, విత్తనం కొనేటప్పుడూ అదే మాట, దీపం పెట్టేటప్పుడూ అదే మాట. మాట ఒక్కటే కదా అని మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాం. మీ మామగారు కట్టింది అలాంటి గాటే. దాన్ని విప్పాలంటే సైన్సు పుస్తకం అక్కర్లేదు. ఆయన ఏటా చేసే పనినే గుర్తు చేయండి.

విత్తే కాలం దగ్గరపడగానే ఆయన వేరుశనగ కాయలు ఒలిపించి, విత్తనంలోంచి వంద గింజలు ఏరి పక్కన పెట్టే ఉంటారు. మంచివి మాత్రమే ఏరకూడదు, చేతికి వచ్చినవి వచ్చినట్టు తీయాలి. తడిపిన గోనెపట్టా మీద వాటిని వరుసగా పేర్చి, చాపలా చుట్టి, నీడన పెట్టి, రోజూ నీళ్ళు చిలకరిస్తారు. వారం లోపు విప్పి మొలకలు లెక్కపెడతారు. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి నూటికి 70 మొలవాలన్నది ప్రమాణం. ఎనభై వస్తే నిశ్చింతగా విత్తుతారు. యాభై వస్తే మోతాదు పెంచుతారు, లేదా ఆ విత్తనాన్ని మిల్లుకు తోలుతారు. అమ్మినవాడు మేనమామ కొడుకైనా సరే, సంచి మీద ప్రభుత్వ ముద్ర ఉన్నా సరే, గోనెపట్టా విప్పేదాకా ఆయన పూర్తిగా నమ్మరు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు గంగమ్మ సంగతి చూడండి. జాతరలో పొంగళ్ళు పెట్టినా వాన రాని సంవత్సరాలు మన జిల్లాలో ఎన్ని లేవు? ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల మనది. అలాంటి కరువు ఏడు గడిచాక మీ మామగారు "నూటికి యాభై కూడా మొలవలేదు, వచ్చే ఏడు పొంగళ్ళు వద్దు" అన్నారా? అని ఉండరు. ఆ ఏడు ఇంకాస్త గట్టిగా మొక్కి ఉంటారు. దీన్ని నేను ఎగతాళిగా అనడం లేదు. ఆయన గంగమ్మను లెక్కపెట్టడానికి మొక్కడం లేదు. నాలుగేళ్ళు వరుసగా పంట పోయినా ఐదో ఏడు మళ్ళీ గుంటక కట్టడానికి మనిషికి ఏదో ఒకటి కావాలి. ఆయనకు అది గంగమ్మ దగ్గర దొరుకుతోంది. ఎండిన బోరు ఆ నమ్మకాన్ని ఓడించలేదు, ఎందుకంటే అది బోరుతో పందెం కాయలేదు.

గోనెపట్టా నమ్మకం పందెం కాసింది. ఓడిపోవడానికి ముందే ఒప్పుకుంది. యాభై మొలిస్తే ఏం చేయాలో విప్పకముందే తెలుసు. సైన్సు మీద నమ్మకం అంటే నాకు అర్థమైనంతలో ఇదే. సైంటిస్టులు మంచివాళ్ళనీ, వాళ్ళు తప్పు చేయరనీ కాదు. ఎక్కడో ఒకచోట ఎవరో గోనెపట్టా విప్పి లెక్కపెడుతున్నారనీ, తక్కువ వస్తే ఆ సంగతి బయటికి వస్తుందనీ నమ్మడం.

కదిరికి వెళ్ళినప్పుడు నాకు ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఖాద్రీ నరసింహస్వామి గుడి ఉన్న ఊళ్ళోనే వేరుశనగ వంగడాలు తయారుచేసే పరిశోధన కేంద్రమూ ఉంది. 2005లో కదిరి-6 అక్కడి నుంచే విడుదలైంది. మన చేలల్లో దశాబ్దాల తరబడి పాతుకుపోయిన టీఎంవీ-2 అనే పాత వంగడాన్ని అది చాలా చోట్ల పక్కకు నెట్టింది. కొత్త వంగడాన్ని పరీక్షించేవాళ్ళు దాన్నీ పాతదాన్నీ ఒకే చేలో చిన్న చిన్న మడులుగా చాలాసార్లు వేస్తారు. ఏ మడిలో ఏది వేయాలో చీటీ తీసినట్టు తేలుస్తారు. లేకపోతే తాము ముద్దుగా పెంచిన వంగడానికి తెలియకుండానే మంచి మట్టి ఉన్న మూల ఇచ్చేస్తారు. 1920లలో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ అనే లెక్కల మనిషి ఈ పద్ధతికి గట్టి పునాది వేశాడు. దీని వెనక ఉన్నది తన మీద తనకే ఉన్న అనుమానం. ఇంత చేసి వంగడాన్ని విడుదల చేసినా మా పెదనాన్న నమ్మాడా? మొదటి ఏడు ఒక మూల అరెకరంలో మాత్రమే వేశాడు. కాయ చూశాక రెండో ఏడు మిగతా చేనంతా మార్చాడు. స్వామి రథోత్సవానికి మాత్రం రెండేళ్ళూ వెళ్ళాడు.

ఇక టెంకాయ. అది ఈ రెండింటిలో ఏ వైపుది? గంగమ్మ వైపుది అంటున్నారు మీ మామగారు. మీరూ అదే ఒప్పుకుని, మూఢనమ్మకం అని పేరు పెట్టి, ఆయన భక్తి మీద చెయ్యి వేశారు. నా లెక్కలో టెంకాయ కూడా ఒక మిషనే. ఇక్కడ ఇన్ని అడుగుల లోతున నీళ్ళున్నాయని అది చెబుతోంది. ఆ మాట బండ గురించి, దేవత గురించి కాదు. బండ గురించిన మాటను తవ్వి చూడవచ్చు, లెక్కపెట్టవచ్చు. గంగమ్మ చీర చాటున దాక్కోవడానికి దానికి హక్కు లేదు.

టెంకాయ పట్టి నడిచిన అనుభవం నాకు ఉంది. పీచు వేళ్ళ వైపు ఉండేలా అరచేతిలో పడుకోబెట్టి, చెప్పులు విడిచి, మెల్లగా నడవాలి. మా చేలో ఆయన పాయింట్ పెట్టిన చోటికి నేను అలా నడిచి వెళ్ళాను. నాలుగడుగుల ముందు నుంచే కాయ కదిలింది. సరిగ్గా ఆ చోటికి చేరేసరికి లేచి నిలబడింది. నేను లేపలేదు. ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత మా తమ్ముడి చేత కళ్ళకు తువ్వాలు కట్టించుకుని, నాలుగుసార్లు గిర్రున తిప్పించుకుని మళ్ళీ నడిచాను. ఇలా నాలుగుసార్లు. ప్రతిసారీ కాయ లేచింది. కాకపోతే నాలుగుసార్లూ నాలుగు వేర్వేరు చోట్ల లేచింది. అందులో ఒకటి మా తమ్ముడి మోటారు సైకిలు పక్కన. మనసు ఎదురుచూస్తూ ఉంటే, మనకు తెలియకుండానే కండరాలు సన్నగా కదులుతాయి. 1853లో మైకేల్ ఫారడే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని బల్ల మీద చేతులు పెట్టి ఆత్మలను పిలిచేవాళ్ళ దగ్గర పట్టుకున్నాడు. బల్లను ఆత్మలు తిప్పుతున్నాయని వాళ్ళు నిజాయితీగానే నమ్మారు. తోస్తున్నది వాళ్ళ చేతులేనని ఆయన అమర్చిన పరికరం చూపించింది. టెంకాయ పట్టేవాళ్ళు మోసగాళ్ళని నేను అనను. నాకు లేచినప్పుడు నేను ఎవరిని మోసం చేశాను?

ఈ విద్యను పెద్ద ఎత్తున పరీక్షించినవాళ్ళూ ఉన్నారు. 1980ల చివర జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఒక కొట్టాన్ని తీసుకున్నారు. కింది అంతస్తులో నీళ్ళ గొట్టాన్ని బండి మీద పెట్టి అటూ ఇటూ జరుపుతారు. పై అంతస్తులో టెంకాయకు బదులు పుల్ల పట్టి నీళ్ళు చూసేవాళ్ళు నడిచి, కింద గొట్టం ఎక్కడుందో చెప్పాలి. దాదాపు 500 మందిని పరీక్షించి, వారిలో ఆరితేరినవారిగా కనిపించిన 43 మందితో 843 సార్లు చేయించారు. కొందరికి నిజంగానే శక్తి ఉందని ప్రయోగం చేసినవాళ్ళు రాశారు. తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త అవే అంకెలను మళ్ళీ లెక్కగట్టి, గుడ్డిగా ఊహించినా ఇంతే వచ్చేదని చూపించాడు. ఇందులో నాకు నచ్చింది ఫలితం కంటే ఆ తగాదా. ఒకరు తమ అంకెలను దాచుకోకుండా బయట పెట్టారు, మరొకరు వాటితోనే వాళ్ళను తప్పుపట్టారు. మా ఊరి నీళ్ళు చూసేవాళ్ళ దగ్గర గానీ, సర్వే చేసేవాళ్ళ దగ్గర గానీ అలాంటి చిట్టా నేను ఇంతవరకు చూడలేదు.

అలాగని ఆ పెద్దమనిషిని తీసిపారేయకండి. ముప్ఫై ఏళ్ళు చేలు తిరిగినవాడికి ఏ చెట్టు ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుందో, వాలు ఎటు దిగుతుందో, ఎక్కడ బండ పైకి తేలిందో తెలిసి ఉంటుంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం అని ఒక అధ్యాయమే రాశాడు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఎటువైపు ఎంత లోతున నీళ్ళు పడతాయో అందులో వరుసగా చెబుతాడు. అవన్నీ నిజమని కాదు, తవ్వి చూడదగ్గ మాటలని. ఆయన మళ్ళీ వస్తే టెంకాయ పక్కన పెట్టించి, కాఫీ ఇచ్చి, "ఈ చేలో మీరు ముందు దేన్ని చూశారు?" అని అడగండి. ఆయన టెంకాయ కంటే ఆయన కళ్ళు ఎక్కువ చెబుతాయని నా అనుమానం.

మీ మిషను గురించి కూడా అంతే నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. నేలలో నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య ఓల్టేజీ కొలుస్తారు. మేకులను దూరం జరిపే కొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. గట్టి బండ గుండా కరెంటు సులభంగా పోదు. తడి ఉన్న పగుళ్ళూ, చివికిన రాయీ దాన్ని పోనిస్తాయి. మన నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు, దాని జాతి రాళ్ళు. నీళ్ళుంటే ఆ చివికిన పొరలోనో పగుళ్ళలోనో ఉండాలి. కాబట్టి పద్ధతిలో అర్థం ఉంది. అయితే బంకమట్టి కూడా కరెంటును పోనిస్తుంది. సన్నని పగులు లోతున ఉంటే మిషనుకు అందకపోవచ్చు. పగులు ఉన్నా అందులో నీళ్ళు ఉండకపోవచ్చు. మిషను చెప్పగలిగింది "ఇక్కడ పడే అవకాశం ఎక్కువ" అని మాత్రమే. జియాలజిస్టు "రెండించుల నీళ్ళు ఖాయం, పోయకపోతే నన్ను అడగండి" అంటే, అమ్మా, ఆయన చేతిలో ఉన్నదీ టెంకాయే అనుకోండి.

సైన్సు పేరు తగిలించుకున్న ప్రతిదీ గోనెపట్టా విప్పి చూపించింది కాదు. వాన కోసం మన ఊళ్ళలో విరాటపర్వం చదివిస్తారు. 2000ల దశకంలో ప్రభుత్వం మన జిల్లా మీద విమానాలతో మేఘమథనం, అంటే మబ్బుల్లో రసాయనాలు చల్లి వాన కురిపించే ప్రయత్నం, చేయించింది. మొదటిది మూఢనమ్మకమనీ రెండోది సైన్సనీ అప్పట్లో అరుగుల మీద చాలా వాదించుకున్నాం. వాన పడినప్పుడు రెండింటినీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది చేయకపోయినా ఆ మబ్బు కురిసేదేనా? మబ్బు కమ్మిన రోజే విమానం లేస్తుంది. మబ్బు కమ్మిన రోజు వాన పడటంలో వింత ఏముంది? విరాటపర్వానిదీ అదే కథ, వానాకాలం వచ్చి ఆకాశం ఊరిస్తున్నప్పుడే కదా చదివించేది.

ఆ ప్రశ్నను ఓపికగా అడిగిన దేశం ఇజ్రాయెల్. 1960ల నుంచి అక్కడ మేఘమథనం చేశారు. మొదటి ప్రయోగాల్లో వాన పెరిగిందని తేలి, దశాబ్దాల పాటు ఖర్చుపెట్టారు. ఆ లెక్కలను అక్కడివాళ్ళే అనుమానించడం మొదలుపెట్టాక, 2013 నుంచి 2020 దాకా కొత్త పరీక్ష పెట్టారు. మబ్బు రోజుల్లో ఎప్పుడు చల్లాలో ఎప్పుడు మానాలో చీటీ తీసినట్టు తేల్చి, వానను కొలిచారు. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కార్యక్రమం ఆపేశారు. యాభై ఏళ్ళ నమ్మకం ఓడిపోయింది, ఓడించినదీ సైన్సే. మీ మామగారు "సైన్సు మీ దేవుడు" అన్నప్పుడు ఈ సంగతి చెప్పండి. ఏ దేవుడికీ భక్తులు ఇలాంటి పరీక్ష పెట్టరు, పెట్టినా, దేవుడు ఓడిపోయాడని గుడి మూయరు.

"భూమి లోపలికి ఎవరు పోయి చూశారు" అన్న మాట ఇంకా మిగిలింది. దానికి మన పక్క జిల్లాలోనే ఒక జవాబుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో జ్వాలాపురం అనే ఊళ్ళో తవ్వితే తెల్లటి బూడిద పొర పడుతుంది. దగ్గర్లో అగ్నిపర్వతం ఏదీ లేదు. ఆ బూడిద ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న టోబా అగ్నిపర్వతానిది. అక్కడికి మన జ్వాలాపురం నుంచి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరం. అది పేలి సుమారు 74,000 ఏళ్ళయింది. చూసినవాళ్ళెవరూ లేరు, నిజమే. కానీ బూడిదలోని గాజు రేణువుల రసాయన కూర్పు ఇక్కడా అక్కడా ఒకటే. ఆ కాలాన్ని రాతిలోని ఆర్గాన్ వాయువును కొలిచి లెక్కగట్టారు. ఊరు పేరు ఒకటి, ఇంటిపేరు ఒకటి, పుట్టుమచ్చ ఒకటి అయినప్పుడు పెళ్ళిళ్ళ పేరయ్య కూడా "వాళ్ళబ్బాయే" అంటాడు.

ఇదే చోట సైన్సు ఇంకా తేల్చుకోనిదీ ఉంది. ఆ బూడిద పొరకు పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో మైకేల్ పెట్రాగ్లియా అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం అవి మనలాంటి మనుషులవే అయ్యుండవచ్చనీ, అంత పేలుడునూ తట్టుకుని బతికారనీ రాసింది. పాల్ మెల్లార్స్ మొదలైన పురావస్తు శాస్త్రవేత్తలు కాదన్నారు, మనలాంటి మనుషులు ఇక్కడికి ఆ తర్వాతే వచ్చారన్నారు. బూడిద ఎక్కడిదన్న దాని మీద తగాదా లేదు, పనిముట్లు ఎవరివన్న దాని మీద ఉంది. మొదటిదాన్ని నేను గట్టిగా నమ్ముతాను, రెండోదాన్ని ఎటూ తేల్చకుండా ఉంచుకుంటాను. ఎంత రుజువుకు అంత నమ్మకం. "నమ్ముతావా, లేదా?" అని ఒక్కటే తక్కెడ పెడితే ఈ తేడా చెప్పడానికి వీలుండదు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. మామగారి దగ్గరికి వెళ్ళి ముందు ఆ మూఢనమ్మకం అన్న మాట వెనక్కి తీసుకోండి. మర్యాద కోసమే కాదు, ఆ మాట పడ్డాక ఎవరూ ఏదీ పరీక్షించుకోరు, పరువు కాపాడుకుంటారు. "మామయ్యా, మిషను నేను విప్పి చూడలేదు, మీరన్నది నిజం. రెండింటికీ ఒకే పరీక్ష పెడదాం, మీరే పెద్ద" అనండి. టెంకాయ ఆయనను కళ్ళకు గంతలు కట్టుకుని, వేర్వేరు వైపుల నుంచి పదిసార్లు నడవమనండి. కాయ లేచిన ప్రతి చోటా సున్నం పొడి వేయండి. ఒకే చోట పడితే నాకూ చెప్పండి, నేను ధర్మవరం వచ్చి ఆయనకు దండం పెడతాను. అలాగే రెండో జియాలజిస్టును పిలిపించి, మొదటాయన ఎక్కడ పాయింట్ పెట్టారో చెప్పకుండా సర్వే చేయించండి. మొదటాయన గుర్తు రాళ్ళు ముందే తీసేయించండి, రాళ్ళను చూసి సర్వే చేసేవాళ్ళూ ఉన్నారు. ఆయన పాయింట్ మరో మూల పెడితే మీరు తలవంచుకోవాల్సిందే. మామగారిని మాత్రం కొడుకు ముందు, మనవడి ముందు ఓడించడానికి ఈ పని చేయకండి.

బోరు ఎక్కడ వేయాలన్నారు. తూర్పు గట్టా, పడమటి వాలా అన్నది ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. అసలు నాలుగో బోరు వేయాలా అన్నదే ముందు ఆలోచించండి. మూడు బోర్ల మీద పోసిన డబ్బును నాలుగో బోరు తెచ్చిపెట్టదు. భూగర్భ జలశాఖ వారిని కలవండి. మీ ప్రాంతంలో నీటిమట్టం ఏటేటా ఎలా పడిపోతోందో వారి దగ్గర కొలతలు ఉంటాయి. నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. పక్కవారి బోరుకు మరీ దగ్గరగా వేస్తే వారి నీళ్ళే మీరు, మీ నీళ్ళే వారు తోడుకుంటారు. పంట కుంట తవ్వించడం, ఉన్న బోరుకు నీళ్ళు ఇంకేలా గుంత చేయించడం, బిందు సేద్యం పెట్టడం చప్పగా అనిపిస్తాయి. ఖర్చు ముందు వాటి మీద పెట్టి చూడండి.

ఎండిన బోరు మూతి తెరిచి ఉంటే మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. ఇనుప మూత వేసి బిగించాలి, లేదా మట్టితో నింపేయాలి. పిల్లలు పడిపోతున్నారని సుప్రీంకోర్టు 2010లో దీనికి నిబంధనలే పెట్టింది. మా బోర్ల మీద చాలాకాలం ఉత్త బండరాయి పెట్టి ఊరుకున్నాం, ఆ బుద్ధితక్కువ పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇక మీ అబ్బాయి. వాడికి "తాతది తప్పు" అనీ చెప్పకండి, "తాతది నిజం" అనీ చెప్పకండి. రెండువందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనివ్వండి. స్కేలుతో గళ్ళు గీయమనండి. రైతు పేరు, ఏ ఏడు వేశారు, ఎవరు చూపించారు (టెంకాయ, వేపపుల్ల, మిషను, ఎవరూ లేరు), ఎన్ని అడుగులు, మొదటి రోజు ఎన్ని ఇంచుల నీళ్ళు, ఇప్పుడు పోస్తోందా. సెలవుల్లో తాతను వెంటబెట్టుకుని ఊళ్ళోని ప్రతి చేనూ తిరగమనండి. తాత లేకపోతే ఎవరూ నిజం చెప్పరు, తాతకు అందరూ చెబుతారు. పోసిన బోరు గురించి ప్రతివాడూ పిలిచి మరీ చెబుతాడు, ఎండిన బోరు గురించి ఎవరూ నోరు విప్పరు. వాటిని అడిగి అడిగి రాయాలి, అసలు కష్టం అక్కడే. "ఎవరూ లేరు" గడి మరిచిపోవద్దని గట్టిగా చెప్పండి. ఎవరికీ చూపించకుండా తోచిన చోట వేసినవారికి ఎన్నింటిలో నీళ్ళు పడ్డాయో తెలియకపోతే టెంకాయ గెలిచిందో మిషను గెలిచిందో చెప్పలేం.

పట్టిక పూర్తయ్యాక ఒక కాపీ నాకు పంపమనండి. మా ఊరు వేరైనా, చివరి పేజీలో మావి కూడా చేర్చమనండి: ఒకటి, టెంకాయ, 420 అడుగులు, సున్నా. ఒకటి, మిషను, 610 అడుగులు, సున్నా.